లెస్, ఫ్యూయర్: రెండూ "తక్కువే" కదా, మరి ఎక్కడ ఏది వాడాలి?

తెల్లకాగితం

సూటిగా అడిగేస్తున్నా. ఆఫీసులో ఒక ఇంగ్లిష్ డాక్యుమెంట్ ఎడిటింగ్ అయి వచ్చింది. అందులో "లెస్ ఎర్రర్స్" అన్నచోట గీత కొట్టి "ఫ్యూయర్ ఎర్రర్స్" అని దిద్దారు. సరే, తప్పుల్ని లెక్కపెట్టగలం కాబట్టి ఫ్యూయర్, ఇది బడిలో చెప్పిందే. కానీ దాని కిందే "లెస్ దాన్ ఫైవ్ మినిట్స్" అని ఉంటే ముట్టుకోలేదు. నిమిషాల్ని మాత్రం లెక్కపెట్టలేమా? ఇంకో పేజీలో "లెస్ నంబర్ ఆఫ్ యూజర్స్" అని ఉంది, దాన్ని ఫ్యూయర్ కూడా చెయ్యలేదు, ఏకంగా "స్మాలర్ నంబర్" అని మార్చేశారు. ఈ మూడింటి వెనకా ఒకే లాజిక్ ఉందా, లేక ఎడిటర్ గారి మూడ్‌ని బట్టి జరిగిందా? గూగుల్ చెయ్ అని మాత్రం అనకండి, చేశాను. ప్రతిచోటా కౌంటబుల్, అన్‌కౌంటబుల్ అని రెండు లైన్లు రాసి వదిలేశారు.

లెక్కలమాస్టారు

దీనికి తెలుగువాళ్ల దగ్గర మంచి కిటుకు ఉందండి. ఇంగ్లిష్ మాట పక్కనపెట్టి తెలుగులో ప్రశ్న వేసి చూడండి. "ఎన్ని" అని అడగాల్సి వస్తే ఫ్యూయర్, "ఎంత" అని అడగాల్సి వస్తే లెస్. ఎన్ని తప్పులు, ఎన్ని పుస్తకాలు, ఎన్ని వాహనాలు, ఇవన్నీ ఫ్యూయర్. ఎంత సమయం, ఎంత వెలుతురు, ఎంత ఓపిక, ఇవి లెస్. వాళ్లు మెనీ, మచ్ అని విడగొట్టుకున్నది కూడా ఇక్కడే. నేను చెప్పేది లెక్కల పాఠమే అయినా పిల్లలు ఇంగ్లిష్ సందేహాలు కూడా నన్నే అడుగుతారు, ఈ కిటుకు చెప్తే చాలామందికి వెంటనే ఎక్కుతుంది.

పుల్లవిరుపు

మాస్టారూ, వినడానికి బాగుంది గానీ ఆయన అడిగిన దానికే ఇది పనికిరాదు. "ఎన్ని నిమిషాలు" అనే అంటాం, "ఎంత నిమిషాలు" అని ఎవరంటారు? మీ లెక్కన అక్కడ ఫ్యూయర్ ఉండాలి, ఎడిటర్ ఉంచింది లెస్. సరే అది పోనీ, నీళ్ల సంగతి చూడండి. నీళ్లు, పాలు తెలుగులో బహువచనాలు, "నీళ్లు ఉన్నాయి" అంటాం, "ఎన్ని నీళ్లు పొయ్యాలి" అని అడుగుతాం, కానీ ఇంగ్లిష్‌లో ఎవరిని అడిగినా లెస్ వాటరే. మనుషుల దగ్గరికి వచ్చేసరికి మొత్తం తిరగబడుతుంది. "ఎంతమంది వచ్చారు" అంటాం, అందులో ఉన్నది "ఎంత", కానీ గ్రామర్ పుస్తకం ఫ్యూయర్ పీపుల్ అనమంటుంది. కొలబద్ద మనది, కొలవాల్సిన సరుకు వాళ్లది. ఎలా కుదురుతుంది?

లెక్కలమాస్టారు

నూటికి నూరుపాళ్లు కుదురుతుందని నేను అన్నానా? మొదటి అడుగుకి పనికొస్తుంది అంటున్నాను. "ఎంతమంది" లో మంది అంటే జనం, గుంపు అని అర్థం కాబట్టి ఆ గుంపు ఎంత అని అడుగుతున్నాం, అందుకే అలా వచ్చింది. "ఎందరు" అని అడిగితే ఆ గొడవే లేదు.

పుల్లవిరుపు

ఎందరు అని ఇప్పుడు మాట్లాడేటప్పుడు ఎవరంటున్నారు మాస్టారూ, రాతలో తప్ప.

అనువాదిని

ఇద్దరూ కాస్త ఆగండి, పాపం అడిగినాయన ఎదురుచూస్తున్నారు :)

తెల్లకాగితం గారూ, ఎడిటర్ చేసిన మూడూ సరైనవే, మూడింటికీ కారణం ఉంది. కౌంటబుల్ అనే మాటని "లెక్కపెట్టడం సాధ్యమా" అని అర్థం చేసుకుంటే ఇరుక్కుంటాం. అసలు అడగాల్సింది, ఆ వాక్యంలో మనం విడివిడి వస్తువుల గురించి మాట్లాడుతున్నామా, లేక ఆ అంకె ఒక మొత్తాన్ని కొలిచే కొలతా అని. ఐదు తప్పులు అంటే ఒకటి, రెండు, మూడు అని వేలు పెట్టి చూపించగల ఐదు వేరువేరు తప్పులు. ఐదు నిమిషాలు అంటే ఐదు వస్తువులు కాదు, కొంత సమయం, ఆ సమయం పొడవెంతో చెప్పడానికి నిమిషం అనే కొలత వాడుకున్నాం. పని నాలుగు నిమిషాల ఇరవై సెకన్లలో అయినా అది "లెస్ దాన్ ఫైవ్ మినిట్స్" లోకే వస్తుంది. నాలుగు తప్పులూ ఒక ముప్పావు తప్పూ అనేది మాత్రం ఉండదు.

నేను వాడే పరీక్ష ఇదే. సగం, ముప్పావు పెట్టి చూడండి, అర్థం చెడకపోతే ఎక్కువసార్లు లెస్ సరిపోతుంది. ఏడున్నర కిలోమీటర్లు ఉంటుంది, రెండున్నర కిలోలు ఉంటుంది, మూడున్నరేళ్లు ఉంటుంది, కాబట్టి దూరానికీ బరువుకీ కాలానికీ డబ్బుకీ ఉష్ణోగ్రతకీ అంకె పక్కన లెస్ దాన్ వస్తుంది. ఏడున్నర మంది విద్యార్థులు ఉండరు, కాబట్టి ఫ్యూయర్ స్టూడెంట్స్. డబ్బు విషయంలో కూడా లెస్ మనీ, కానీ చేతిలో ఉన్న నాణేలు లెక్కపెడుతుంటే ఫ్యూయర్ కాయిన్స్.

స్మాలర్ నంబర్ సంగతి వేరే, దాని గురించి తర్వాత రాస్తా, అది నిజానికి మనవాళ్లకి ఇంకా పెద్ద తలనొప్పి.

కొత్తమొలక

అనువాదిని అక్కా, సగం పరీక్ష సూపర్. కానీ నేను పోటీ పరీక్షలకి ప్రిపేర్ అవుతున్నా, అక్కడ పర్సెంటేజీలు వస్తే టెన్షన్. "లెస్ దాన్ థర్టీ పర్సెంట్ ఆఫ్ ది స్టూడెంట్స్" కరెక్టా, ఫ్యూయర్ కరెక్టా? ఇరవై తొమ్మిదిన్నర శాతం ఉండొచ్చు, కానీ స్టూడెంట్స్ సగం ఉండరు కదా.

అనువాదిని

మంచి ప్రశ్న. శాతం దగ్గర వాడుకని వివరించే పుస్తకాలే రెండు దారులు పట్టాయి. శాతం వెనక ఉన్నది నీళ్లో భూమో సమయమో అయితే గొడవ లేదు, లెస్. వెనక ఉన్నది మనుషులో వస్తువులో అయితే, వాళ్లని విడివిడిగా చూస్తే ఫ్యూయర్, మొత్తంలో ఒక వాటాగా చూస్తే లెస్. రెండిటినీ సమర్థించేవాళ్లు ఉన్నారు. పరీక్ష పెట్టేవాళ్లకి కాస్త బుద్ధి ఉంటే ఇలాంటిది అడగరు. అడిగితే మాత్రం ఆఫ్ తర్వాత వచ్చిన నామవాచకం చూసుకుని, బహువచనం అయితే ఫ్యూయర్ పెట్టి ముందుకెళ్లిపో.

పుల్లవిరుపు

ఇప్పుడు నేను అసలు పుల్ల వేస్తా. మీరంతా దీన్ని ఆకాశం నుంచి ఊడిపడ్డ రూల్‌లా మాట్లాడుతున్నారు. లెక్కపెట్టగల వాటికి లెస్ వాడటం ఇప్పటి కుర్రాళ్లు చెడగొట్టింది కాదు. 9వ శతాబ్దం చివర్లో, ఆల్ఫ్రెడ్ రాజు పేరు మీద ఉన్న పాత ఇంగ్లిష్ అనువాదంలోనే "తక్కువ మాటలతోనైనా, ఎక్కువ మాటలతోనైనా" అనే అర్థంలో లెస్‌కి పూర్వరూపాన్ని మాటలకి తగిలించి వాడారు. మాటలు లెక్కపెట్టగలిగేవే కదా? అప్పట్లో ఆ వాడుకకి వ్యాకరణం కూడా సరిగ్గా సరిపోయింది. "మాటల్లో తక్కువ భాగం" అన్నట్టు, వెనక నామవాచకం షష్ఠీ విభక్తిలో బహువచనంగా వచ్చేది. తర్వాత ఇంగ్లిష్‌లో ఆ విభక్తి ప్రత్యయాలు రాలిపోయాయి, "లెస్ వర్డ్స్" అని మిగిలింది. అంతే.

మరి రూల్ ఎప్పుడు పుట్టిందంటే 1770లో. రాబర్ట్ బేకర్ అనే ఆయన ఇంగ్లిష్ వాడుక మీద ఒక పుస్తకం రాస్తూ, అంకెల గురించి మాట్లాడేటప్పుడు జనం ఎక్కువగా లెస్ వాడుతున్నారు గానీ ఫ్యూయర్ అయితే బాగుంటుందని తనకి అనిపిస్తోంది అన్నాడు. గమనించండి, తనకి అనిపిస్తోంది అన్నాడు. జనం ఎక్కువగా లెస్ వాడుతున్నారని కూడా ఆయనే ఒప్పుకున్నాడు. ఆ తర్వాత వచ్చిన వ్యాకరణకర్తలు ఆ అభిప్రాయాన్ని ఎత్తుకుని రూల్ చేసి మన నెత్తిన పెట్టారు. ఒక మనిషి ఇష్టం, రెండొందల యాభై ఏళ్లుగా ఎర్ర ఇంకు.

లెక్కలమాస్టారు

ఎలా పుట్టిందో చెప్పారు, బాగుంది. అయితే ఏంటి? ఇప్పుడు పిల్లాడు పరీక్షలో లెస్ స్టూడెంట్స్ అని రాస్తే మార్కు ఇస్తారా? ఉద్యోగం కోసం పంపే ఉత్తరంలో రాస్తే చదివినవాడు మొహం చిట్లించడా? ఎవరి ఇష్టంతో మొదలైనా ఇప్పుడు అది చెల్లుబాటు అవుతోంది. భాషలో సగం రూల్స్ పుట్టుక ఇలాంటిదే.

పుల్లవిరుపు

పరీక్షకి ఫ్యూయర్ రాయమనే నేనూ చెప్తా మాస్టారూ. కానీ మాట్లాడేటప్పుడు ఎవరో లెస్ పీపుల్ అనగానే మధ్యలో ఆపి సరిదిద్దే బ్యాచ్ ఒకటి ఉంటుంది చూడండి, నా పోరు వాళ్లతో. ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవాళ్లు కూడా మాటల్లో లెస్ పీపుల్, లెస్ థింగ్స్ అని హాయిగా అనేస్తారు. బ్రిటన్‌లో టెస్కో సూపర్‌మార్కెట్లలో బిల్లింగ్ దగ్గర "పది ఐటమ్స్ ఆర్ లెస్" అని బోర్డులు ఉండేవి. అది తప్పు, ఫ్యూయర్ అనాలి అని భాషాభిమానులు గోల పెడితే, 2008లో ఆ కంపెనీ అసలు ఆ తగువులోకే దిగకుండా "అప్ టు టెన్ ఐటమ్స్" అని మార్చుకుంది. నాకు అందులో నచ్చిందేంటంటే, ఆ పాత బోర్డు చదివి అర్థంకాక ఆగిపోయిన మనిషి ఒక్కడూ లేడు. బుట్టలో పదికి మించకుండా పెట్టుకుని వెళ్లాలని అందరికీ తెలుసు.

నిశాచరి

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. "ఎక్కువ" కి మాత్రం ఈ గొడవ ఎందుకు లేదు? మోర్ వాటర్, మోర్ బుక్స్, రెండిటికీ ఒకటే. తక్కువకి మాత్రమే రెండు మాటలు ఎందుకు?

పుల్లవిరుపు

ఆహా, ఇది నాకు ఇష్టమైన ప్రశ్న. ఒకప్పుడు ఎక్కువకి కూడా రెండు ఉండేవి! లెక్కపెట్టే వాటికి "మో" అనేవాళ్లు, కొలిచే వాటికి "మోర్". అంటే మో బుక్స్, మోర్ వాటర్ అన్నమాట. తర్వాత మోర్ రెండు పనులూ మీదేసుకుంది, మో వాడుకలోంచి పోయింది. "ఇనఫ్" కి కూడా అలాగే "ఇనౌ" అని బహువచనాలకి వాడే జంట ఉండేది, అదీ పోయింది. అవి పోయినందుకు ఎవరూ ఏడవలేదు, మోర్ బుక్స్ అంటే పరువు పోతుందని ఎవరూ అనలేదు. ఫ్యూయర్ ఒక్కటి బతికిపోయింది, ఎందుకంటే దానికి వెనక నిలబడే మాస్టార్లు దొరికారు.

అనువాదిని

పుల్లవిరుపు గారూ, చరిత్ర విషయంలో మీతో నాకు పేచీ లేదు. కానీ తేడా ఉన్నా లేకపోయినా ఒకటే అన్నట్టు మాట్లాడితే ఒప్పుకోను. ఒకచోట ఈ రెండూ మార్చి రాస్తే అర్థమే మారిపోతుంది, అక్కడ ఎర్ర ఇంకు అవసరమే.

"ఫ్యూయర్ క్వాలిఫైడ్ డాక్టర్స్" అంటే అర్హత ఉన్న డాక్టర్ల సంఖ్య తగ్గింది. "లెస్ క్వాలిఫైడ్ డాక్టర్స్" అంటే డాక్టర్లు ఉన్నారు, వాళ్ల అర్హత తక్కువ. మొదటిది కొరత, రెండోది నింద. తేడా ఎందుకొచ్చిందంటే, లెస్ పక్కన విశేషణం ఉంటే అది వెనకున్న నామవాచకాన్ని వదిలేసి ఆ విశేషణాన్నే పట్టుకుంటుంది. లెస్ ఎక్స్‌పెన్సివ్, లెస్ ఇంపార్టెంట్ అన్నట్టు. ఫ్యూయర్ విశేషణాన్ని ఎప్పుడూ పట్టుకోదు, దాటి వెళ్లి నామవాచకాన్నే పట్టుకుంటుంది. మీరు అన్నట్టు అన్నిచోట్లా లెస్ వాడేస్తే, "లెస్ ట్రెయిన్డ్ టీచర్స్" అన్నప్పుడు టీచర్లు తగ్గారా, ట్రెయినింగ్ తగ్గిందా అని చదివేవాడు తల పట్టుకోవాలి.

అలాగే ఒకే మాట రెండు రకాలుగా ఉన్నప్పుడు చూడండి. లెస్ టైమ్ అంటే సమయం తక్కువ, ఫ్యూయర్ టైమ్స్ అంటే తక్కువసార్లు. లెస్ ఎక్స్‌పీరియన్స్ అంటే పని అనుభవం తక్కువ, ఫ్యూయర్ ఎక్స్‌పీరియన్సెస్ అంటే ఎదురైన సంఘటనలు తక్కువ. లెస్ చాన్స్ అంటే జరిగే అవకాశం తక్కువ, ఫ్యూయర్ చాన్సెస్ అంటే దొరికిన అవకాశాలే కొన్ని. ఇవి పరువు కోసం పాటించే తేడాలు కావు.

పుల్లవిరుపు

క్వాలిఫైడ్ డాక్టర్స్ ఉదాహరణకి మాత్రం లొంగిపోతున్నా. మిగతావాటిలో బహువచనం ఎస్సే ఆ తేడా చెప్పేస్తోంది కదా, లెస్ టైమ్స్ అన్నా అర్థం అవుతుంది. అయినా పర్లేదు, ఈ రౌండ్ మీదే.

ఆడిటుపురుగు

మా లెక్కల పుస్తకాల్లో ఇంకో లెస్ ఉంది, దాని గురించి ఎవరూ చెప్పలేదు. బ్యాలెన్స్ షీట్‌లో ఆస్తి విలువ రాసి, కింద "లెస్: డిప్రిసియేషన్" (ఆస్తి విలువలో తరుగు) అని రాస్తాం. అంటే తీసెయ్యి అని. అమ్మకాలు, లెస్ రిటర్న్స్. అక్కడ రిటర్న్స్ బహువచనమే, అయినా ఎవరూ ఫ్యూయర్ రిటర్న్స్ అని రాయరు, రాస్తే అర్థం "వెనక్కి వచ్చిన సరుకు తగ్గింది" అని అవుతుంది, క్లయింటు సంతోషపడతాడు కూడా :) ఇది తక్కువ కాదు, మైనస్. కామర్స్ చదివేవాళ్లు ఈ రెండూ కలపకండి.

లెక్కలమాస్టారు

భలే గుర్తుచేశారు. మైనస్ మాట వచ్చింది కాబట్టి నాది కూడా ఒకటి. గణితంలో ఎప్పుడూ లెస్ దానే. "త్రీ ఈజ్ లెస్ దాన్ ఫైవ్" అంటాం, ఫ్యూయర్ దాన్ ఫైవ్ అనం. ఎందుకంటే అక్కడ మూడు వస్తువులు లేవు, మూడు అనే విలువ ఉంది. ఆ గుర్తు ఉంది చూడండి, కొన ఎడమవైపు ఉండేది, అది థామస్ హారియట్ అనే ఇంగ్లిష్ గణితవేత్త పుస్తకంలో మొదట అచ్చయింది, ఆయన చనిపోయాక 1631లో వచ్చింది ఆ పుస్తకం. ఇంగ్లిష్‌లో దాన్ని చదివేది లెస్ దాన్ అనే. ప్రోగ్రామింగ్‌లో కూడా అంతే, ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే లూప్ ఎన్నిసార్లు తిరగాలో రాసేటప్పుడు ఐ లెస్ దాన్ టెన్ అంటాం.

నిశాచరి

అయితే కేర్‌లెస్, హోమ్‌లెస్ లో చివర ఉన్న లెస్ కూడా ఈ కుటుంబమేనా? కేర్ తక్కువ అని?

పుల్లవిరుపు

కాదు! చూడ్డానికి అచ్చం అదే, కానీ చుట్టం కాదు. ఆ చివర వచ్చే లెస్ పాత ఇంగ్లిష్‌లో "లేని, విడిపోయిన" అనే అర్థమున్న వేరే మాట నుంచి వచ్చింది. లూజ్ అనే మాటకి అది దగ్గర. జర్మన్‌లో చివర వచ్చే "లోస్" కూడా దాని తోబుట్టువే. అందుకే హోమ్‌లెస్ అంటే ఇల్లు తక్కువైనవాడు కాదు, అసలు లేనివాడు. మన తక్కువ లెస్‌కి నిజమైన చుట్టాలు ఎవరంటే అన్‌లెస్, లెస్ట్. అన్‌లెస్ మొదట్లో "ఆన్ లెస్ దాన్" అన్నట్టు ఉండేది, ఫలానా షరతు కంటే తక్కువలో ఒప్పుకోను అని. చూస్తే అన్ అనే వ్యతిరేక ఉపసర్గలా కనిపిస్తుంది గానీ కాదు.

తెల్లకాగితం

చర్చ ఎక్కడికో వెళ్లిపోయింది, అయినా చదవడానికి బాగుంది, ఆపకండి. కానీ నా మూడో ప్రశ్న అలాగే ఉండిపోయింది. లెస్ నంబర్ ఎందుకు తప్పు? ఫ్యూయర్ నంబర్ ఎందుకు కాదు?

అనువాదిని

వస్తున్నా. నా అనుభవంలో మనవాళ్లు రాసిన ఇంగ్లిష్‌లో లెస్, ఫ్యూయర్ తారుమారు అవడం కంటే ఎక్కువగా కనిపించేది ఇదే.

తెలుగులో తక్కువ అనే ఒక్క మాట ఎన్ని పనులు చేస్తుందో చూడండి. తక్కువ నీళ్లు, తక్కువ మంది, తక్కువ ధర, తక్కువ ఎత్తు, తక్కువ వేగం, తక్కువ సంఖ్య, తక్కువ జీతం, తక్కువ రకం. ఇంగ్లిష్‌లో ఇవన్నీ లెస్, ఫ్యూయర్ మధ్య పంచేసుకోవు. ధర, వేగం, జీతం, ఉష్ణోగ్రత, స్థాయి, రేటు, ఇవన్నీ ఒక నిచ్చెన మీద పైకీ కిందకీ కదిలేవి. వాటికి హై, లో అంటాం, కాబట్టి తక్కువ అంటే లోయర్. లోయర్ ప్రైస్, లోయర్ శాలరీ, లోయర్ టెంపరేచర్. నంబర్, అమౌంట్, సైజ్, ఇవి పెద్దవీ చిన్నవీ అవుతాయి, కాబట్టి స్మాలర్. నంబర్‌కి లోయర్ కూడా చెల్లుతుంది. ఎత్తుకి షార్టర్ లేదా లోయర్, సందర్భాన్ని బట్టి.

ఫ్యూయర్ నంబర్ ఎందుకు కాదంటే, ఫ్యూయర్ లోనే సంఖ్య అనే అర్థం ఉంది. ఫ్యూయర్ యూజర్స్ అంటేనే యూజర్ల సంఖ్య తక్కువ అని. దానికి మళ్లీ నంబర్ తగిలిస్తే "సంఖ్యలు తక్కువ" అని అర్థం వస్తుంది, అంటే ఒక లాటరీ టికెట్ మీద ఆరు అంకెలకి బదులు నాలుగే ఉన్నాయి అన్నట్టు. మీ వాక్యంలో అయితే నంబర్ ఆఫ్ అనేదే పీకేసి ఫ్యూయర్ యూజర్స్ అంటే సరిపోయేది, ఎడిటర్ గారు మీ వాక్యాన్ని ఎక్కువ కదిలించకూడదని స్మాలర్ పెట్టి ఉంటారు.

కొత్తమొలక

అక్కా మరి లెసర్? "లెసర్ నంబర్ ఆఫ్ పీపుల్", "లెసర్ టైమ్" అని టీవీలో కూడా వింటుంటాం.

అనువాదిని

దాని జోలికి ఎంత తక్కువ వెళ్తే అంత మంచిది. మన దేశపు ఇంగ్లిష్‌లో లెస్ సరిపోదేమో, ఇంకో ఈఆర్ తగిలిస్తే గట్టిగా ఉంటుందేమో అన్నట్టు లెసర్ వాడతారు. కానీ లెసర్ పరిమాణం కంటే ఎక్కువగా స్థాయి గురించి. లెసర్ ఈవిల్ అంటే రెండు చెడుల్లో చిన్నది. లెసర్ నోన్ రైటర్ అంటే అంత పేరు లేని రచయిత. లెసర్ అఫెన్స్ అంటే చిన్న నేరం. ఎక్కువగా నామవాచకం ముందే నిలబడుతుంది, వెనక దాన్ రాదు. "లెసర్ దాన్" అని ఎక్కడైనా రాసి ఉంటే కళ్లు మూసుకుని లెస్ దాన్ అని మార్చెయ్యొచ్చు.

ఆడిటుపురుగు

మా ఆఫీసు మెయిల్స్‌లో వారానికొక లెసర్ అమౌంట్ వస్తుంది. ఈ పోస్ట్ ప్రింట్ తీసి గోడకి అంటించాలి.

నిశాచరి

ఇంకో తెలుగు తంటా. మనకి బహువచనం ఉండి వాళ్లకి లేని మాటలు. సలహాలు, వార్తలు, సామాన్లు, పరికరాలు. సలహాలు తక్కువ ఇవ్వు అనాలని "ఫ్యూయర్ అడ్వైసెస్" అని రాస్తారు. రూల్ సరిగ్గానే పాటించారు పాపం, మాట దగ్గర దొరికిపోయారు.

లెక్కలమాస్టారు

అవును, అడ్వైస్, న్యూస్, లగేజ్, ఫర్నిచర్, ఇన్ఫర్మేషన్, ఎక్విప్‌మెంట్, ట్రాఫిక్, ఇవన్నీ లెస్. ముక్కలుగా చెప్పాలంటే ఫ్యూయర్ పీసెస్ ఆఫ్ ఫర్నిచర్. రోడ్డు మీద లెస్ ట్రాఫిక్, కానీ ఫ్యూయర్ వెహికల్స్. ఇందులో న్యూస్ ఒకటి మోసగత్తె, చివర ఎస్ ఉంటుంది గానీ ఏకవచనం. డేటా మాత్రం పేచీకోరు, శాస్త్ర పత్రికల్లో కొందరు బహువచనంగా వాడతారు, మామూలుగా లెస్ డేటా అంటే సరిపోతుంది.

పుల్లవిరుపు

మాస్టారి లిస్ట్ బాగుంది. రూల్‌ని గుడ్డిగా పట్టుకునేవాళ్ల కోసం నాదీ ఒక లిస్ట్. "వన్ లెస్ థింగ్ టు వర్రీ అబౌట్" అంటారు, థింగ్ లెక్కపెట్టేదే, అయినా అక్కడ వన్ ఫ్యూయర్ థింగ్ అంటే వినడానికి చెక్కముక్కలా ఉంటుంది. "ఇన్ ట్వెంటీఫైవ్ వర్డ్స్ ఆర్ లెస్" అనేది స్థిరపడిపోయిన నుడికారం, దాన్ని ఫ్యూయర్ చేస్తే సరిదిద్దినట్టు కాదు, చెడగొట్టినట్టు. "నో లెస్ దాన్ హండ్రెడ్ పీపుల్" అంటే వంద మంది, అబ్బో అంతమందా అనే ఆశ్చర్యం అందులో ఉంది. "నో ఫ్యూయర్ దాన్" అంటే లెక్క మీద దృష్టి ఎక్కువ, కొందరు అక్కడ కూడా అదే ఆశ్చర్యంతో వాడతారు. ఇక "ఎట్ లీస్ట్ టెన్ పీపుల్" సంగతి. లీస్ట్ అంటే లెస్‌కి పై మెట్టు. పది మంది మనుషులే కదా, మరి ఎట్ ఫ్యూయెస్ట్ అనమని ఒక్క మాస్టారూ ఎందుకు అడగడు?

లెక్కలమాస్టారు

అడగను, ఎందుకంటే నాకు అంత తీరిక లేదు.

కొత్తమొలక

హహ. ఓకే, నేను ఐదు వాక్యాలు పెడతా, ఎవరైనా చూసి చెప్పండి. ఒకటి, "దేర్ వర్ ఫ్యూయర్ దాన్ ట్వెల్వ్ పేజెస్". రెండు, "ది టవర్ ఈజ్ ఫ్యూయర్ దాన్ నైన్టీ మీటర్స్ టాల్". మూడు, "వుయ్ నీడ్ లెస్ ప్లాస్టిక్ బ్యాగ్స్". నాలుగు, "దిస్ ఇంజిన్ రన్స్ ఎట్ లెస్ స్పీడ్". ఐదు, "షీ మేడ్ క్వైట్ ఎ ఫ్యూ మిస్టేక్స్, సో హర్ మార్క్స్ ఆర్ లెస్".

అనువాదిని

ఒకటి సరైనదే. రెండోది లెస్ దాన్, మీటర్లు ఎత్తుకి కొలత. మూడోది రాతలో ఫ్యూయర్ బ్యాగ్స్, కానీ నీ ఉద్దేశం ప్లాస్టిక్ తగ్గాలనే అయితే బ్యాగ్స్ తీసేసి లెస్ ప్లాస్టిక్ అంటే ఇంకా బాగుంటుంది. నాలుగోది లోయర్ స్పీడ్. ఐదోదాంట్లో క్వైట్ ఎ ఫ్యూ అంటే కొన్నే అని కాదు, చాలానే అని, అది నువ్వు తెలిసే వాడావనుకుంటా. ఎ లేకుండా ఫ్యూ మిస్టేక్స్ అంటే తప్పులు దాదాపు లేవని, ఎ ఫ్యూ అంటే కొన్ని ఉన్నాయని. మార్క్స్ దగ్గర లోయర్ పెట్టు, హర్ మార్క్స్ ఆర్ లోయర్.

పుల్లవిరుపు

మార్కులు సగం కూడా వేస్తారు కదండీ, ఆరున్నర, ఏడున్నర. మీ సగం పరీక్ష ప్రకారం "షీ గాట్ లెస్ మార్క్స్" ఒప్పేసుకోవాలి మరి!

అనువాదిని

షీ గాట్ లెస్ దాన్ ఫార్టీ మార్క్స్ అంటే ఒప్పుకుంటా, అక్కడ నలభై ఒక కొలత. అంకె లేకుండా ఉత్తిగా అయితే ఫ్యూయర్ మార్క్స్.

లెక్కలమాస్టారు

అంకె ఉన్నా లేకపోయినా నా క్లాసులో ఫ్యూయర్ మార్క్సే. అర మార్కులు నేను వెయ్యను.